పాత పడవ మేకు

దయ్యాలు, చేతబడులు, గాలి సోకడాలు నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మననే అనుకుంటున్నాను. కానీ ఆ సంగతిలోకి వెళ్ళేముందు ఒక్క మాట చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది. నేను డిగ్రీ పాసయ్యాను! బీఎస్సీ, ఫస్ట్ క్లాసు! మా ఇంట్లోనే కాదు, మా వీధి మొత్తానికి ఇదే మొదటి డిగ్రీ.

మాది బందరు పక్కన గిలకలదిండి. నాన్న మరబోటు మీద వేటకి వెళ్తాడు. అమ్మ ఎండు చేపలు అమ్ముతుంది. మార్కుల మెమో చేతికొచ్చిన రోజు అమ్మ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, కనపడిన ప్రతి మనిషినీ ఆపి చూపించింది. చదవడం రాదు కదా, తలకిందులుగా పట్టుకుని చూపించింది. ఎవ్వరూ సరిచెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి నాకు.

ఇంత సంతోషంలో కూర్చుని ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఆ మెమో చూసినప్పుడల్లా నాకు భయం వేస్తోంది. అందులో ఉన్నదంతా నాదేనా అని అనుమానం. జరిగింది జరిగినట్టు రాస్తాను. మనుషుల పేర్లు మార్చాను. దివిసీమలో ఆ ఊరి పేరు మాత్రం చెప్పను. ఆ ముసలావిడ గుమ్మం ముందు జనం వరస కట్టకూడదు. ఎందుకో చివరికి మీకే అర్థమవుతుంది.

నాకు పార్శ్వనొప్పి, అంటే మైగ్రేన్, ఇంటర్ మొదటి సంవత్సరంలో మొదలైంది. మామూలు తలనొప్పిలా వచ్చేది కాదు. ముందు ఎడమ చేతి చిటికెన వేలు తిమ్మిరెక్కేది. తర్వాత ఎక్కడో బెల్లం మాడుతున్న వాసన వచ్చేది. పక్కవాళ్ళకి రాదు, నాకే. ఆ వెంటనే కంటి ముందు రంపం పళ్ళలాంటి వెలుగు గీత ఒకటి పుట్టి, వణుకుతూ పెద్దదయ్యేది. అది పెరిగేకొద్దీ ఎడమ పక్కంతా మాయమైపోయేది. పుస్తకం తెరిచి ఉంటే అక్షరాలు మధ్యకి తెగిపోయేవి. ప్రతి అక్షరంలో కుడి సగం ఉండేది, ఎడమ సగం ఉండేది కాదు.

ఇరవై నిమిషాలు ఆ ఆట ఆడాక కుడి కణతలో నొప్పి దిగేది. ఇక వాంతులు, చీకటి గది, తల చుట్టూ తడిగుడ్డ. ఒక్కోసారి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు.

అక్షరాలు తెగిపోయే సంగతి నేను ఒక డాక్టరుగారికి చెప్పాను, ఆయన రాయమన్న డైరీలో రాశాను. అంతే. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకి చెప్పలేదు. చదువు వల్లే కళ్ళు పాడయ్యాయని అమ్మ పుస్తకాలు మూయించేస్తుందని నా భయం.

అన్నిటికంటే పెద్ద బాధ ఏంటంటే, నాకు నొప్పి తెప్పించే వాటిలో మొదటిది ఎండు చేపల వాసన. మా అన్నం పెట్టేదే అది! అమ్మ తట్ట పక్కింట్లో దింపి, దొడ్లో స్నానం చేసి, తల కూడా రుద్దుకుని, అప్పుడు నా దగ్గరికి వచ్చేది. చలికాలంలో కూడా. "నా దగ్గర ఇంకా వస్తందా?" అని గుమ్మంలో నిలబడి అడిగేది. వస్తున్నా రావట్లేదనే చెప్పేదాన్ని.

తిరగని చోటు లేదు. బందరులో స్కాన్ తీయించారు, అంతా బాగుందన్నారు. గుడివాడలో హోమియో డాక్టరుగారి దగ్గరికి నెలకోసారి పాసింజరు బండిలో వెళ్ళొచ్చేవాళ్ళం. డైరీ రాయమన్నది ఆయనే. ఏ టైముకి వచ్చింది, ఏం తిన్నావు, ఏ వాసన తగిలింది, ఎంతసేపు ఉంది, అన్నీ. తెల్లారకముందే పాలల్లో జిలేబీ ముంచుకుని తినమన్నారు ఒకరు. శొంఠి అరగదీసి పట్టు వెయ్యమన్నారు ఇంకొకరు. కణతల మీద తోలు ఊడొచ్చింది గానీ నొప్పి కదల్లేదు. చివరికి బందరులోనే ఇంకో డాక్టరుగారు రోజూ వేసుకునే మాత్రలు రాశారు. పని చేయడానికి రెండు మూడు నెలలు పట్టచ్చు, ఓపిక పట్టమన్నారు. ఈ మాత్రల సంగతి కూడా దాచకుండా చెబుతున్నాను. నేను ఇప్పుడు పట్టుకుని వేలాడుతున్నది వాటినే.

డిగ్రీ రెండో సంవత్సరంలో రెండు పేపర్లు పోయాయి. రెండుసార్లూ ఒకటే కథ. ప్రశ్నాపత్రం ఇచ్చిన పావుగంటకి బెల్లం వాసన. ప్రశ్నలు సగం సగం అయిపోయాయి. ఖాళీ కాగితం ఇచ్చేసి బయటికొచ్చి గోడ పక్కన వాంతి చేసుకున్నాను.

నాన్న తిట్టలేదు. అదే ఇంకా బాధ. "ఎన్నాళ్ళని అమ్మడూ. ఈసారి కూడా అయితే అమ్మతో పాటు ఇసుకలోకి రా. మా తల్లిదండ్రులు చెయ్యలేదా, మేం చెయ్యలేదా" అన్నాడు. ఇసుకలోకి అంటే చేపలు ఎండబెట్టే చోటికి. ఎండ, ఆ వాసన, తెల్లారిందగ్గర నుంచి పొద్దుగూకే దాకా. అక్కడ నేను ఒక్క వారం కూడా బతకలేనని నాకు తెలుసు. నాకు డిగ్రీ అంటే గోడకి తగిలించుకునే కాగితం కాదు. ఆ ఇసుకకి దూరంగా ఒక చోటు.

అప్పుడు చెప్పింది షబానా వాళ్ళ అమ్మగారు. షబానా నా క్లాస్‌మేట్, ఇల్లు చిలకలపూడిలో. తల్లీ కూతుళ్ళిద్దరూ ఇంట్లో కూర్చుని రోల్డ్‌గోల్డ్ గొలుసులకి లింకులు కలుపుతారు. ఆంటీకి ఏళ్ళ క్రితం పంటినొప్పి వస్తే దివిసీమలో ఒక మామ్మగారు మేకు కొట్టి తీసేసిందట. నొప్పి ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తే, ఆవిడ దుంగలో మేకు దింపుతుంది. నొప్పి మేకుతో పాటు చెక్కలోకి పోతుంది.

"మా అమ్మ పన్ను నోట్లో లేదే, ఆ దుంగలో ఉంది. పండక్కి చూసొద్దామంటే తీసుకెళ్ళదు" అంది షబానా.

"నవ్వు, నవ్వు. నీకొచ్చినప్పుడు తెలుస్తుంది" అని ఆంటీ లింకులు కలపడం ఆపకుండానే నాకు రెండు నియమాలు చెప్పింది. మేకు మనమే తీసుకెళ్ళాలి, అది కొత్తదై ఉండాలి, అంతకుముందు ఏ చెక్కలోకీ దిగి ఉండకూడదు. రెండోది, తగ్గాక ఆ గడప మళ్ళీ తొక్కకూడదు. తగ్గిందని చెప్పడానికి కూడా వెళ్ళకూడదు.

నేను సైన్సు స్టూడెంటుని. నవ్వాను. కానీ పరీక్షలకి రెండు నెలలు కూడా లేవు. నవ్వుతూనే నాన్నకి చెప్పాను.

ఒక ఆదివారం నాన్నా నేనూ బయల్దేరాం. బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక. అక్కడి నుంచి కాలవ గట్టు మీద ఆటో. బస్సులో డీజిలు వాసనకి మోపిదేవి దాటకముందే నాకు వేలు తిమ్మిరెక్కింది. దిగేసరికి కుడి కణత పగిలిపోతోంది. ఎండ నడినెత్తిన ఉంది. కళ్ళు సరిగ్గా తెరవలేకపోయాను.

మామ్మగారి పేరు నాంచారమ్మ అనుకోండి. డెబ్భై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. కోడలు ధనమ్మ రొయ్యల షెడ్డులో పనికి వెళ్తుంది, ఆ రోజు ఇంట్లోనే ఉంది. వెనక చూరు కింద నీడలో ఒక పాత నావ దుంగ నిలబెట్టి ఉంది. దాని నిండా మేకుల తలలు. అన్నీ తుప్పు పట్టి నల్లగా ఉన్నాయి.

"మేకు కొత్తదేనా?" అని అడిగింది.

"కొత్తదేనండీ" అన్నాడు నాన్న.

తీసి చేతిలో పెట్టాడు. తళతళలాడుతోంది. కానీ నాన్న నా వైపు చూడకుండా కాలవ వైపు చూశాడు. అది నేను గమనించాను. నొప్పిలో ఉన్నాను కాబట్టి పట్టించుకోలేదు.

కుడి కణత మీద నా వేలు నన్నే పెట్టుకోమంది. మేకు దుంగ మీద ఆనించి సుత్తితో ఒక దెబ్బ వేసింది.

"ఉందా?"

"ఉంది."

ఇంకో దెబ్బ. "ఉందా?"

"ఉందండీ."

మూడో దెబ్బకి మేకు వంగిపోయింది. ఆవిడ నోట్లో ఏదో గొణుక్కుని, ఎడమ చేత్తో మేకు పట్టుకుని లాగి నిటారు చేసింది. వదలకుండా అలాగే వేళ్ళ మధ్య బిగించి పట్టుకుని నాలుగో దెబ్బ వేసింది.

"ఉందా?"

నేను జవాబు చెప్పడానికి నొప్పిని వెతుక్కున్నాను. లేదు. తగ్గడం కాదు, లేదు. ఫ్యాను స్విచ్చి కట్టేస్తే ఒక్కసారి నిశ్శబ్దం అవుతుందే, అలా. నాకు నొప్పి ఎప్పుడూ అలా పోలేదు, నిద్రపోయి లేస్తే తప్ప పోదు.

"లేదు" అన్నాను.

నాంచారమ్మగారు నా మొహం చూడలేదు. తన ఎడమ చేయి చూసుకుంది. చిటికెన వేలు రెండుసార్లు విదిలించుకుంది. అప్పుడు ఏమీ అనిపించలేదు, మేకు గట్టిగా పట్టుకుంది కదా, నొక్కుకుని ఉంటుందనుకున్నాను.

తిరుగు బస్సులో నాన్న ఆగలేకపోయాడు. ఆ మేకు కొత్తది కాదట. మా తాతయ్య పడవ విప్పేసినప్పుడు తీసి దాచిన మేకు. ఉప్పుకాగితంతో రుద్ది మెరిపించాడు. మా వాళ్ళు కొత్త పడవ కడితే పాత పడవ మేకు ఒక్కటైనా తప్పకుండా దించుతారు. సముద్రం చూసొచ్చిన మేకుకి ఇంటి దారి తెలుసని నమ్మకం. తాతయ్య పడవ ఏ తుపానులోనూ ఒక్క మనిషిని కూడా పోగొట్టుకోలేదు.

"బజార్లో కొన్న మేకు నమ్మి నీ తల అప్పజెప్పనా? దానికేం తెలుసు" అన్నాడు. మా ఇళ్ళల్లో ఎవరైనా అదే చేసి ఉండేవారు. నాకు ముద్దొచ్చింది. నొప్పి లేదు, కిటికీ పక్కన కూర్చుని చల్లపల్లిలో బజ్జీలు తింటూ పెద్దగా నవ్వాను.

ఆ రోజు నుంచి నాకు నొప్పి రాలేదు.

ఒక్క వింత మాత్రం జరిగేది. పరీక్షలు మొదలయ్యాయి. పాతవి రెండూ కలిపి మొత్తం ఏడు పేపర్లు. ప్రతి పేపరు రోజూ హాల్లో కూర్చున్న కాసేపటికి చిటికెన వేలు జివ్వుమనేది. బెల్లం మాడిన వాసన లీలగా వచ్చేది. పెన్ను పట్టుకుని కదలకుండా కూర్చునేదాన్ని. అది వచ్చేది, నా దగ్గర దాకా వచ్చేది, మన స్టాపులో ఆగకుండా వెళ్ళిపోయే బస్సులా దాటిపోయేది. అక్షరాలు నిండుగా ఉండేవి. నేను రాసుకుంటూ పోయేదాన్ని.

మాత్రలు పనిచేస్తున్నాయనుకున్నాను. టైము కూడా సరిగ్గా సరిపోయింది కదా.

తర్వాత రిజల్ట్స్. ఆ సంతోషం ఇందాకే చెప్పాను, ఇంకోసారి చెప్పమన్నా చెబుతాను! అందరికీ చెప్పాను. కాలేజీ వాచ్‌మన్‌కి చెప్పాను, గుడివాడ డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను, బస్సులో పక్క సీటు ఆవిడకి చెప్పాను. ఒక్క మనిషికి చెప్పకపోవడం మాత్రం గొంతులో ముల్లులా ఉంది.

"వెళ్ళకూడదని చెప్పింది కదే మా అమ్మ" అంది షబానా.

"నొప్పి తగ్గిందని చెప్పనులేవే. డిగ్రీ పాసయ్యానని చెబుతాను. అది వేరే విషయం."

"లా చదవాల్సిందానివి నువ్వు. బీఎస్సీ ఎందుకు చదివావు?"

ఇంట్లో కాలేజీలో పని ఉందని అబద్ధం చెప్పి, మెమో, అరకిలో బందరు హల్వా పట్టుకుని ఒక్కదాన్నే బయల్దేరాను. పదకొండింటికల్లా ఆ ఇంటి ముందున్నాను.

కిటికీలకి గోనెసంచులు కట్టి ఉన్నాయి. తలుపుకి దుప్పటి వేలాడుతోంది. ఎండ లోపలికి రాకుండా. ఆ ఏర్పాటు నాకు బాగా తెలుసు. మా ఇంట్లో నా గది అలాగే ఉండేది.

అరుగు మీద ధనమ్మక్క కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

"నువ్వా. తగ్గాక రాకూడదని చెప్పలేదా నీకు?" మాట మెల్లగా ఉంది. లోపల ఎవరో పడుకున్నప్పుడు మాట్లాడే గొంతు.

"డిగ్రీ పాసయ్యానక్కా. మామ్మగారికి చెప్పి వెళ్ళిపోదామని..."

"పరీక్షలు రాశావా? ఎప్పుడు రాశావు?"

అంత గట్టిగా ఎందుకు అడిగిందో అర్థం కాలేదు. నెల చెప్పాను. ఆవిడ లేచి లోపలికి వెళ్ళి గోడ క్యాలెండరు పట్టుకొచ్చింది. అత్తగారికి బాగోలేని రోజు ఆవిడ షెడ్డుకి నాగా పెడుతుంది. నాగా పెట్టిన రోజుకి పెన్నుతో సున్నా చుట్టుకుంటుంది. మేకు కొట్టిన ఆదివారానికి ముందు ఒక్క సున్నా లేదు. ఆ తర్వాత ఉన్నాయి.

ఫోన్లో ఉన్న నా హాల్ టికెట్ ఫోటో తెరిచాను. ఇద్దరం అరుగు మీద పక్కపక్కన కూర్చుని ఒక్కొక్క తేదీ చూశాం. మొదటి పేపరు, సున్నా. రెండోది, సున్నా. మూడోది కూడా. నాలుగో పేపరు దగ్గర సున్నా లేదు. అబ్బా అని ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు వాన ఎక్కువై నాలుగో పేపరు వాయిదా వేశారు. మళ్ళీ ఎప్పుడు పెట్టారో ఆ రోజు వెతికాను.

దాని చుట్టూ సున్నా ఉంది.

మొత్తం ఏడు. ఇంకో రెండు సున్నాలు విడిగా ఉన్నాయి. వాటిలో ఒకటి ఏ రోజో నాకు తెలుసు. వానకి తడుస్తాయని అమ్మ ఎండు చేపల బస్తాలు మా ఇంట్లోనే పెట్టిన రోజు. ఆ రోజు నొప్పి ఖాయమనుకున్నాను. రాలేదు. రెండోది నేను వెళ్ళిన దానికి ముందు రోజు. అది దేనికో నాకు ఈ రోజుకీ తెలియలేదు.

మధ్యాహ్నం ఎండ, కాలవలో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు, ఆటో హారను, అన్నీ మామూలుగా ఉన్నాయి. నాకు మాత్రం అక్కడి నుంచి పరిగెత్తి పారిపోవాలనిపించింది.

"అవనిగడ్డలో చూపించామమ్మా. పెద్ద డాక్టరు మైగ్రేన్ అన్నాడు. ఈ వయసులో కొత్తగా రావడమేంటి అని ఆయనే ఇదైపోయాడు. ఎంతమందికి కొట్టింది మేకులు! ఎప్పుడూ తలనొప్పని పడుకున్న మనిషి కాదు" అంది ధనమ్మక్క.

లోపలి నుంచి మామ్మగారు పిలిచింది. "ఎవరే? బందరు పిల్లా?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నా పేరు గానీ ఊరు గానీ అంతసేపట్లో ఎవ్వరం పైకి అనలేదు.

చీకట్లో నులక మంచం మీద ఉంది. తలకి తడిగుడ్డ, కుడి కణత మీద సున్నం పట్టు. మనిషి సగమైపోయింది. ఆ రోజు నొప్పి లేదు, ముందు రోజు తాలూకు నీరసమట. నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఎక్కడుంటుందండీ అని అడిగాను. అడగాలని లేదు, అయినా అడిగాను.

"ముందు ఈ వేలు పోద్ది" అని ఎడమ చిటికెన వేలు చూపించింది. "తర్వాత బెల్లం మాడద్ది. ఇది పొయ్యి కాడ చూసుకోదేమో అని కోడల్ని తిట్టేదాన్ని పాపం. తర్వాత రంపం. రంపం తిప్పతా ఉంటారు కంటి ముందర."

నా డైరీలో రాసుకున్న వరస అదే.

"అదంతా సరే గానీ అమ్మా, నాకు సదువు రాదు గదా. వేలిముద్ర దాన్ని. మరి నాకు అచ్చరాలెందుకు తెగిపోతన్నాయి?"

నేను మంచానికి ఇంకాస్త దగ్గరికి జరిగాను.

"ముందు నిండుగా కనపడతాయి. తెల్ల కాయితం మీద చీమల బారుల్లాగ. బాగుంటాయి సూడ్డానికి. ఇంతలోకి సగానికి తెగిపోతాయి. ఎవరివమ్మా అయ్యి?"

ధనమ్మక్క గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. ఈ మాట ఆవిడకి కొత్తేమీ కాదట. ప్రతిసారీ అదే అంటుందట. మతి పోతోందేమోనని భయపడి ఎవరికీ చెప్పలేదట.

నా చేతిలో మెమో ఉంది. ఎందుకిచ్చానో తెలియదు, ఇచ్చాను. గుమ్మం దుప్పటి సందులోంచి వచ్చే వెలుతురులోకి ఆవిడ దాన్ని ఎత్తి పట్టుకుంది. మా అమ్మలా తలకిందులుగా పట్టుకోలేదు. సరిగ్గా పట్టుకుంది. కాసేపు చూసి, అరచెయ్యి దాని మీద పెట్టి ఎడమ సగం మూసేసింది.

"ఇటేపు ఉండదు" అంది.

నేను ఏడ్చేశాను. నాన్న చేసిన పని చెప్పేశాను. పాత పడవ మేకని, రుద్ది మెరిపించాడని, మాకు తెలియక చేశామని. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"మూడో దెబ్బకే తెలిసింది. కొత్త మేకు అట్టా వంగదు."

"తెలిసి ఎందుకు కొట్టారు మామ్మగారూ? ఆపేస్తే పోయేది కదా."

"అంత నొప్పిలో ఉన్నదాన్ని ఎట్టా పంపను? నాలుగోది పడ్డాక లేదు అనేశావు గదా నువ్వు. అప్పటిదాకా ఏడుస్తా ఉన్నదానివి, నీ మొకం వెలిగిపోయింది. మళ్ళీ నీ చేత ఉంది అనిపించమంటావా?"

పీకేద్దామన్నాను. పట్టుకారు ఉంటే ఇమ్మని ధనమ్మక్కని అడిగాను. నిజంగానే అన్నాను, వచ్చేది నాకే కదా, నాకు అలవాటే అనుకున్నాను. మామ్మగారు లేచి కూర్చుంది. లేవలేని మనిషి నా మణికట్టు పట్టుకుంది.

"ముట్టుకోమాక. అది ఇదివరకే ఒక చెక్క వదిలొచ్చిన మేకు. దీన్ని కూడా వదిలిందంటే ఎవర్ని పట్టుకుంటదో నాకు తెలవదు. నీ దగ్గరికే వస్తదని ఎవరు చెప్పారు? మీ అమ్మని పట్టుకోవచ్చు. దీని కడుపులో బిడ్డని పట్టుకోవచ్చు."

అప్పుడు చూశాను ధనమ్మక్క పొట్ట వైపు. ఐదో నెలట.

వెళ్ళేముందు దుంగ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. నా మేకుని వెతుక్కోనక్కర్లేకపోయింది. అన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. నాది ఉప్పుకాగితంతో ఆ పూటే రుద్దినట్టు మెరుస్తోంది. ఉప్పుగాలి తగిలే చోట నెలల తరబడి ఇనుము అలా ఉండదు. మెల్లగా వేలు ఆనించాను. వెచ్చగా ఉంది. ఎండ వల్ల అనుకున్నాను. కానీ దుంగ నీడలో ఉంది. పక్క మేకులు ఒక్కొక్కటీ ముట్టుకుని చూశాను.

అన్నీ చల్లగా ఉన్నాయి.

గట్టు మీద ఆటో కోసం ఆగలేదు. నాగాయలంక దాకా నడుచుకుంటూ వచ్చేశాను. హల్వా ప్యాకెట్ అక్కడే మర్చిపోయాను.

ఇంటికొచ్చాక నాన్నకి మాత్రం చెప్పాను. నా జబ్బు గుర్తుల గురించి ఆ రోజు మామ్మగారికి ఏమైనా చెప్పావా అని అడిగాను. "నీకు బెల్లం వాసన వస్తదని నాకే తెలియదు కదమ్మా" అన్నాడు. తాతయ్య మేకుల డబ్బా అటక మీద ఉండేది. మర్నాడు లేదు. ఏం చేశాడో నేను అడగలేదు.

ఇప్పుడు నాకు నేనే లాయర్ని, నేనే జడ్జిని. మాత్రలు పనిచేసి ఉండచ్చు. పెద్దావిడకి నిజంగానే మైగ్రేన్ వచ్చి ఉండచ్చు, అరుదు అన్నారు గానీ అసాధ్యం అనలేదు కదా. బెల్లం వాసనా, రంపం గీతా ఈ జబ్బున్న వేరేవాళ్ళకి కూడా రావచ్చు. తేదీలు కలవడం కాకతాళీయం కావచ్చు. వాయిదా పడ్డ పేపరు దగ్గర నా వాదన ఆగిపోతుంది. వేలిముద్ర వేసే మనిషికి కనపడిన అక్షరాల దగ్గర నాకు అసలు వాదనే లేదు. నా చదువంతా పెట్టి ఆలోచించినా దీనికి జవాబు దొరకలేదు.

రాత్రుళ్ళు బాగా నిద్రపడుతుంది నాకు. తల తేలిగ్గా ఉంటుంది. అమ్మ ఇప్పుడు స్నానం చేయకుండానే నా పక్కన కూర్చుంటోంది, నా తల ఒళ్ళో పెట్టుకుంటోంది, "వస్తందా?" అని అడగడం కూడా మర్చిపోయింది. ఆ సుఖంలో ఉండగా చిటికెన వేలు ఒక్కసారి జివ్వుమంటుంది. అంతే, వెళ్ళిపోతుంది. ఎటు వెళ్ళిందో తెలుసు కాబట్టి గడియారం చూస్తాను. గుడివాడ డాక్టరుగారు రాయమన్న డైరీ మళ్ళీ తీశాను. టైము రాసి పెట్టుకుంటున్నాను.

ఇంకో శుభవార్త కూడా ఉంది. ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌కి అప్లై చేశాను. సీటొస్తే హాస్టల్, ఆ ఇసుకలోకి వెళ్ళే పనే ఉండదు ఇక. పరీక్ష వచ్చే నెలలో. రాయకుండా ఉందామని మూడు రోజులు అనుకున్నాను. నాలుగో రోజు హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసుకున్నాను.

నిన్న ధనమ్మక్కకి ఫోన్ చేశాను. మామ్మగారు ఎలా ఉన్నారని అడిగాను, హల్వా తిన్నారా అని అడిగాను. పరీక్ష మాట ఎత్తలేదు. ఆవిడే అడిగింది.

"మళ్ళీ ఎప్పుడమ్మా నీ పరీక్ష? తేదీ చెప్పు. ఆ రోజు నాగా పెడతాను."

నేను చెప్పాను.